తూముకు ఒక గిద్ద తక్కువ

"సార్, లెక్కల మధ్యల గీ అక్షరం ఎందుకొచ్చింది?"

ఎనిమిదో తరగతి పాప వాళ్ల నాన్న ఫోను నా చేతిలో పెట్టి అడిగిన ప్రశ్న ఇది. తెర మీద 1.844674407 అని ఉంది. దాని పక్కన ఒక ఇంగ్లీషు అక్షరం, 'ఇ'. దాని పక్కన 19. రెండును రెండుతో గుణిస్తూ గుణిస్తూ పోయింది ఆ పిల్ల. కాసేపు బాగానే చెప్పిన ఫోను తర్వాత చేతులెత్తేసింది. ఆ అక్షరానికి అర్థం ఒకటే: "ఇంకా అంకెలున్నయి, రాయనీకి నాకు జాగ లేదు." పది అంకెలు చూపించి మిగతా పది మింగేసింది.

నేను లెక్కల సారును. భూపాలపల్లి చుట్టుపక్కల ఊళ్ల బడుల్లో ముప్పై ఏళ్లకు పైగా లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఇప్పటికీ శనివారాలు బడికి పోతాను. పిల్లల్లో సగం మంది సింగరేణి క్వార్టర్ల వాళ్లు, తండ్రులు కేటీకే గనుల్లో షిఫ్టులకు పోతారు. మిగతా సగం గణపురం చెరువు కింది ఊళ్ల రైతుల పిల్లలు. మా వరంగల్ పిల్లగాడు అర్జున్ ఇరిగేశి 2024 డిసెంబర్ జాబితాలో 2800 రేటింగ్ దాటాడని పేపర్లో వచ్చినప్పటి నుంచి వీళ్లు మధ్యాహ్నం అన్నం తినగానే చదరంగం బల్ల తీస్తున్నారు. బల్ల ఎట్లాగూ ఉంది కదా అని ఒక శనివారం నేను పాత కథ చెప్పాను. చదరంగం కనిపెట్టినవాణ్ని రాజు ఏం కావాలో కోరుకొమ్మన్నాడట. మొదటి గడిలో ఒక్క గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇట్లా గడి గడికి రెట్టింపు చేసి 64 గడులూ నింపి ఇమ్మన్నాడట. రాజు నవ్వి, ఇంతేనా అన్నాడట.

మా పిల్లలు కూడా ఇంతేనా అన్నారు. "రెండు బస్తాలు అయితయేమో సార్" అన్నాడొకడు. వాళ్ల నాన్నకు మూడెకరాల వరి ఉంది, వాడికి బస్తా అంటే తెలుసు.

సరే, లెక్క పెడదాం అన్నాను.

మరుసటి శనివారం ఒక సంచిలో వడ్లు పట్టుకుపోయాను. తరగతిలో నలభై మంది. ఒక్కొక్కరు వెయ్యి గింజలు లెక్కపెట్టాలి. క్షణానికి ఒక గింజ చొప్పున లెక్కపెడితే పదిహేడు నిమిషాల లోపు అయిపోవాలి. మాకు అరగంట దాటింది. కొందరు లెక్క మరిచి మళ్లీ మొదలుపెట్టారు. తెలివైనవాళ్లు పది గింజలకొక కుప్ప, పది కుప్పలకొక గీత పెట్టుకున్నారు. అందరి గింజలూ కలిపి కిరాణా కొట్టు కాంటా మీద పెడితే కిలోకు ఆరు గ్రాములు తక్కువ తూగింది. అంటే వెయ్యి గింజలు దాదాపు 25 గ్రాములు, కిలోకు 40 వేల గింజలు. మేము తెచ్చినవి దొడ్డు వడ్లు. సన్న రకమైతే కిలోకు ఇంకా చాలా ఎక్కువ గింజలు ఎక్కుతాయి. మా లెక్కకు 40 వేలే పెట్టుకున్నాం.

కొనుగోలు కేంద్రంలో బస్తా 40 కిలోలు. బస్తాకు 16 లక్షల గింజలన్నమాట. చదరంగం బల్ల మీద ఇరవై గడులు నింపేసరికి మొత్తం 10,48,575 గింజలు, ఇంకా బస్తా నిండలేదు. 21వ గడి పోయగానే బస్తా నిండి పొర్లింది. రెండు బస్తాలన్న పిల్లవాడు ఇక్కడి దాకా ధైర్యంగానే ఉన్నాడు.

ముప్పై గడులకు 107 కోట్ల 37 లక్షల 41 వేల 823 గింజలు. 25 టన్నుల లారీకి 100 కోట్ల గింజలు పడతాయి, కాబట్టి ఒక లారీ నిండి ఇంకొంచెం మిగిలింది. బల్లలో సరిగ్గా సగం, 32 గడులు నిండేసరికి 429 కోట్ల 49 లక్షల 67 వేల 295 గింజలు, 107 టన్నులు. నాలుగు లారీలు, పైన కొంత. యాసంగి వడ్లు కల్లాల మీదికి వచ్చినప్పుడు ఏ ఊళ్లోనైనా ఇంతకు మించిన కుప్పలు మేము చూస్తాం. సగం బల్ల దాకా రాజు మాట దక్కింది. మా మండలంలో ఒక ఊరు చాలు అతని మాట నిలబెట్టడానికి.

మిగతా సగంలోనే ఉంది అసలు సంగతి. మొత్తం 64 గడులకు కావలసిన వడ్లు టన్నుల్లో చెప్తే 46,116 కోట్ల టన్నులు. ప్రపంచమంతా కలిసి ఇప్పుడు ఏడాదికి పండిస్తున్నది దాదాపు 80 కోట్ల టన్నుల వడ్లు. అంటే భూమ్మీద ఎవరూ ఒక్క మెతుకు తినకుండా 576 ఏళ్ల పంట అంతా రాజు గాదెలో పోయాలి. సింగరేణి పిల్లలకు ఇంకో రకంగా చెప్పాను. 2023-24లో సింగరేణి గనులన్నీ కలిసి తీసిన బొగ్గు 7 కోట్ల టన్నులు. అదే వేగంతో బొగ్గుకు బదులు వడ్లు తవ్వి తీసినా 6,500 ఏళ్లకు పైగా మూడు షిఫ్టులూ నడవాలి.

రెండు బస్తాలన్నవాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "సార్, మల్ల ఆ రాజు ఏం జేసిండు?" అన్నాడు. కథలో రాజు ఏం చేశాడన్నది ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెప్తారు. నాకు ఆ రాజు కంటే ఆ సంఖ్య మీదే మనసు.

ఆ సంఖ్య ఇది: 1,84,46,74,40,73,70,95,51,615. మనవాళ్లు నోటితో చెప్పే తీరులో చెప్పాలంటే 1,84,467 కోట్ల కోట్లు, ఆ పైన 44,07,370 కోట్లు, ఆ పైన 95,51,615. ఇరవై అంకెలు. రెండును 64 సార్లు వేసి గుణించి, వచ్చినదాంట్లోంచి ఒకటి తీసేస్తే ఇది వస్తుంది. ఒకటి ఎందుకు తీయాలి? పిల్లలకు అర్థం కాని చోటు ఇదే. పుస్తకంలో గుణశ్రేణి సూత్రం ఉంది, పై తరగతుల్లో చెప్తారు. నేను సూత్రం చెప్పలేదు. మా నాయనమ్మను తలుచుకున్నాను.

మా ఇంట్లో కాంటా లేదు నా చిన్నప్పుడు. అంతా కొలతే. నాయనమ్మ వడ్లు కొలుస్తుంటే చూడాలి. మొదటి మానికకు ఒకటి అనేది కాదు, "లాభం" అనేది. తర్వాత రెండు, మూడు. కొలిచేటప్పుడు ఎవరూ మాట్లాడొద్దు. ఆమె దగ్గర వరసగా పాత్రలుండేవి. రెండు గిద్దలు ఒక అరసోల. రెండు అరసోలలు ఒక సోల. రెండు సోలలు తవ్వ. రెండు తవ్వలు మానిక. రెండు మానికలు అడ్డ. రెండు అడ్డలు కుంచం. రెండు కుంచాలు ఇరస. రెండు ఇరసలు తూము. ఊరిని బట్టి పాత్ర పెద్దదో చిన్నదో అయ్యేది, పేరు కూడా కొంచెం మారేది. వరస మాత్రం ఇదే. ఇరవై తూములకు పుట్టి. తూము దాకా ప్రతి మెట్టూ రెట్టింపే.

అంటే చదరంగం బల్ల మొదటి వరసలో ఉన్న ఎనిమిది గడులూ మా నాయనమ్మ పాత్రలే. గిద్ద 1, అరసోల 2, సోల 4, తవ్వ 8, మానిక 16, అడ్డ 32, కుంచం 64, ఇరస 128. తొమ్మిదో గడి తూము, 256 గిద్దలు.

ఇప్పుడు తరగతిలో అడిగాను. గిద్ద నుంచి ఇరస దాకా ఎనిమిది పాత్రలు నిండా వడ్లు పోసి వరసగా పెట్టాం. మొత్తం ఎన్ని గిద్దలు? కొందరు కూడటం మొదలుపెట్టారు. ఆగండి, కూడకండి అన్నాను. ఇంకొక్క గిద్దెడు వడ్లు చేతిలోకి తీసుకోండి. ఆ గిద్ద, వరసలోని గిద్ద కలిస్తే అరసోల అయింది. ఆ అరసోల, వరసలోని అరసోల కలిస్తే సోల. సోలా సోలా కలిస్తే తవ్వ. తవ్వా తవ్వా మానిక. ఇట్లా ఒకదాని మీద ఒకటి ఎక్కుకుంటూ పోయి చివరికి ఇరసా ఇరసా కలిసి తూము. మొత్తం ఒక నిండు తూము! అంటే మనం చేతిలోకి ఆ గిద్ద తీసుకోకముందు ఉన్నది ఎంత? తూముకు ఒక గిద్ద తక్కువ. 255.

మూల బెంచీలోంచి ఒక పిల్ల లేచి, "అయితే 64 గిన్నెలు పెట్టినా గంతే కద సార్! 65వ గిన్నెకు ఒక్కటి తక్కువ" అంది. నా ఉద్యోగ జీవితంలో ఇట్లాంటి క్షణాలు నూరు కూడా ఉండవు. సూత్రం రాసి చూపిస్తే కంఠస్థం చేస్తారు. ఒక గిద్దెడు వడ్లు పోస్తే ఋజువు వాళ్లే చెప్తారు.

ఆ పాత్రల్లో ఇంకో గుణం ఉంది. ఎనిమిది పాత్రలనూ ఒక్కొక్కదాన్ని ఒక్కసారికి మించి వాడకుండా 1 నుంచి 255 దాకా ఎన్ని గిద్దలు కావాలంటే అన్ని కొలవొచ్చు. నూరు గిద్దలు కావాలా? కుంచం, అడ్డ, సోల. 64, 32, 4. ఏ మొత్తానికైనా ఏయే పాత్రలు వాడాలన్నది ఒకే ఒక్క రకంగా కుదురుతుంది, రెండో దారి ఉండదు. కంప్యూటర్ చేసే పని కూడా సరిగ్గా ఇదే. దాని లోపల గడులుంటాయి. గడి నిండితే 1, ఖాళీ అయితే 0. మన చేతుల్లోని ఫోన్లలో ఇప్పుడు చాలావరకు 64 గడుల లెక్క. ఆ 64 గడులూ నిండితే, అంటే 64 ఒకట్లు వరసగా నిలబడితే, అది మన చదరంగం సంఖ్యే. ఆ గడుల్లో పట్టే పూర్ణాంకాల్లో అన్నిటికంటే పెద్దది అదే. దానికి ఒకటి కలిపితే పాత్ర మీద పాత్ర ఎక్కి అన్నీ ఖాళీ అవుతాయి, 65వ పాత్ర మాత్రం అక్కడ లేదు.

ఇది ఊహ కాదు. 2014 డిసెంబర్‌లో కొరియా పాట గంగ్నమ్ స్టైల్‌ను యూట్యూబ్‌లో ఎన్నిసార్లు చూశారన్న లెక్క 214 కోట్ల 74 లక్షల 83 వేల 647 దాటింది. మొదట్లో ఆ లెక్క 32 గడుల్లో నడిచేది. అందులో ఒక గడి ధన, ఋణ గుర్తుకు పోను మిగిలిన 31 గడుల్లో పట్టే పెద్ద సంఖ్య అంతే. 64 గడులకు మార్చాల్సి వచ్చింది.

ఇక ఫోను మింగిన పది అంకెల సంగతి. వాటిని చేత్తోనే సాధించాలన్నాను. 64 సార్లు గుణించాలా అని పిల్లలు భయపడ్డారు. అక్కర్లేదు, ఆరు గుణకారాలు చాలు. 2ను 2తో గుణిస్తే 4. 4ను 4తో గుణిస్తే 16. 16ను 16తో, 256. 256ను 256తో, 65,536. దాన్ని దానితోనే గుణిస్తే 429,49,67,296. ఇంకొక్కసారి అదే పని చేస్తే అయిపోయింది. చివరి గుణకారం కొంచెం శ్రమ. పది అంకెల సంఖ్యను 42949, 67296 అని రెండు ముక్కలు చేసి, ఏడో తరగతి పిల్లలు కూడా చేయగలిగే మూడు గుణకారాలుగా విడగొట్టాం. నలుగురు పిల్లలు నల్లబల్ల మీద విడివిడిగా చేశారు. ముగ్గురికి ఒకే జవాబు వచ్చింది. నాలుగో పిల్లవాడు ఒకచోట చేతిలో ఉంచుకున్న అంకె కలపడం మరిచాడు. చివరి అంకె 6 వచ్చింది, ఒకటి తీస్తే 5.

ఈ జవాబును క్రీ.శ. 1000 ప్రాంతంలోనే అల్ బిరూనీ తన గ్రంథంలో ఇచ్చాడు. ఈ సంగతి ప్రపంచంలో చాలా పుస్తకాల్లో ఉంది. చాలామంది తెలుగు పిల్లలకు తెలియనిది ఇంకొకటి ఉంది. ఇదే సంఖ్య మన తెలుగులో ఒక చంపకమాలగా ఉంది. పావులూరి మల్లన గణితంలోది ఆ పద్యం.

మల్లన 11వ శతాబ్ది వాడని కొందరు, 12వ శతాబ్ది వాడని కొందరు పండితులంటారు. తొమ్మిదో శతాబ్దంలో రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసార సంగ్రహాన్ని మల్లన తెలుగు చేశాడు. నన్నయ భారతం తెలుగు చేసిన ఆ తొలి రోజుల్లోనే మన భాషలో లెక్కల పుస్తకం వచ్చిందంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది. తెలుగు సాహిత్యం అనగానే పురాణాలు, ప్రబంధాలు చెప్తాం. మొదటి వరసలో ఒక లెక్కల సారు కూడా కూర్చుని ఉన్నాడని ఎందుకు చెప్పం?

ఆ పద్యంలో అంకెలు అంకెల్లా ఉండవు. మాటల్లా ఉంటాయి. చంద్రుడు ఒక్కడే కాబట్టి చంద్రుడంటే 1. అగ్నులు మూడు కాబట్టి అగ్ని 3. వేదమంటే 4. మన్మథుడి బాణాలు ఐదు కాబట్టి శరం 5. తర్కం 6. కులపర్వతాలు ఏడు కాబట్టి కొండ 7. దిక్కుల ఏనుగులు ఎనిమిది కాబట్టి ఏనుగు 8. ఒంట్లో రంధ్రాలు తొమ్మిది కాబట్టి రంధ్రం 9. ఆకాశం సున్న. వీటిని భూతసంఖ్యలంటారు. చదవాల్సింది ఒకట్ల స్థానం నుంచి పైకి, అంటే కుడి నుంచి ఎడమకు. పద్యంలో మొదటి మాట శరం, మన సంఖ్యలో చివరి అంకె 5. అంకెల్లో ఆఖరి మాటకు అర్థం చల్లని కిరణాలవాడు, చంద్రుడు. అదే మన సంఖ్యకు మొదటి అంకె 1. మధ్యలోని పద్దెనిమిది మాటలూ వరసగా సరిచూశాం. ఒక్క అంకె తప్పు లేదు.

అంకెలు ఎందుకు రాయలేదని పిల్లలడిగారు. తాటాకు మీద అంకె ఒకటి చెరిగినా, రాసేవాడు ఒకటి తప్పు రాసినా తెలియదు. పద్యంలో మాట తప్పితే గణం తప్పుతుంది, చదివేవాడి నాలుక పట్టేస్తుంది. అందుకే ఒకటి అనడానికి ఒకచోట శశి, ఇంకోచోట చంద్ర, ఇంకోచోట మరో పేరు. ఛందస్సుకు ఎక్కడ ఏది అతికితే అది. ఫోను మింగిన అంకెలను చంపకమాల తొమ్మిది వందల ఏళ్లు కాపాడింది. స్థానాల పేర్లు కూడా అప్పటికే ఉన్నాయి. మహావీరుడు ఒకట్ల నుంచి మహాక్షోభం దాకా 24 స్థానాలకు పేర్లిచ్చాడు. వాటిలో ఇరవయ్యోది మహాశంఖం. మన సంఖ్యలో మొదటి 1 కూర్చున్నది ఆ మహాశంఖం స్థానంలో.

సంఖ్య పెద్దది అయితే అయింది, దాని లోపల ఏముంది? ఇక్కడే నాకు దాని మీద ప్రేమ. చివర 5 ఉంది, కాబట్టి 5తో పోతుంది. అంకెలన్నీ కూడితే 87, కాబట్టి 3తో పోతుంది, 9తో పోదు. ఏడుగురికి సమంగా పంచితే ఒక్క గింజ మిగులుతుంది. ఇవన్నీ ఆరో తరగతి భాజనీయత సూత్రాలతో, మామూలు భాగహారంతో తేలేవే. ఇంకా లోపలికి పోవడానికి ఎనిమిదో తరగతి సూత్రం ఒకటి చాలు: రెండు వర్గాల తేడాను, మొత్తం గుణించు తేడాగా రాయొచ్చు. మన సంఖ్య 429,49,67,296 వర్గంలోంచి ఒకటి తీసినది. కాబట్టి అది 429,49,67,295 గుణించు 429,49,67,297. ముందుదాన్ని మళ్లీ అట్లాగే విడగొట్టొచ్చు. విడగొడుతూ పోతే 3, 5, 17, 257, 65,537 వస్తాయి. అన్నీ ప్రధానాంకాలే. ఆ మిగిలిన 429,49,67,297 సంగతేమిటి?

1640 ప్రాంతంలో ఫ్రాన్సుకు చెందిన ఫెర్మా అదీ ప్రధానాంకమేననుకున్నాడు. అంతటి మేధావి అట్లా అన్నాక దాదాపు తొంభై ఏళ్లు అది తప్పని ఎవరూ చూపలేదు. 1732లో ఆయిలర్ దాన్ని విరగ్గొట్టాడు. గుడ్డిగా భాగించలేదాయన. దీనికి ప్రధాన కారణాంకం ఏదైనా ఉంటే అది 64 గుణిజానికి ఒకటి ఎక్కువగా ఉండాలని గ్రహించాడు. అట్లాంటి ప్రధానాంకాలు వరసగా 193, 257, 449, 577, 641. ఐదోది తగిలింది. 641ని 67,00,417తో గుణిస్తే సరిగ్గా 429,49,67,297. మా పిల్లలు ఈ భాగహారం కాగితం మీద చేసి శేషం సున్న వచ్చినప్పుడు చప్పట్లు కొట్టారు.

కాబట్టి మన సంఖ్య మొత్తం ఏడు ప్రధానాంకాల లబ్ధం: 3, 5, 17, 257, 641, 65,537, 67,00,417. ఏదీ రెండుసార్లు రాదు. అందువల్ల దానికి కారణాంకాలు సరిగ్గా 128. రాజు ఆ వడ్లను శేషం లేకుండా సమానంగా పంచాలంటే 128 రకాలుగా పంచొచ్చు. మల్లనకు ఈ 641 సంగతి తెలుసని నేను అనను. మన పెద్దలకు అన్నీ ముందే తెలుసని చెప్పేవాళ్లంటే నాకు గిట్టదు, అది పెద్దలకూ మర్యాద కాదు. మల్లన సాధించింది మల్లనది, ఆయిలర్ సాధించింది ఆయిలర్‌ది. ఒకరు కాపాడిన సంఖ్యలోంచే ఇంకొకరి సంఖ్య బయటపడటం నాకు నచ్చిన సంగతి.

సగం బల్ల నింపిన ఆ 107 టన్నుల గింజలు గుర్తున్నాయా? 429,49,67,295. అది 3, 5, 17, 257, 65,537ల లబ్ధం. గాస్ 1796లో, పందొమ్మిదేళ్లు కూడా నిండకముందు, పదిహేడు భుజాల సమబహుభుజిని ఒక్క స్కేలు, వృత్తలేఖినితో గీయొచ్చని చూపించాడు. ఆ దారిలో పోతే, భుజాల సంఖ్య బేసి అయి ఈ రెండు పనిముట్లతో గీయగలమని ఇప్పటిదాకా తెలిసిన సమబహుభుజుల్లో అన్నిటికన్నా ఎక్కువ భుజాలున్నదానికి 429,49,67,295 భుజాలు. మా ఊరి కల్లంలోని గింజలెన్నో ఆ బొమ్మకు భుజాలన్ని.

ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను. 1883లో ఫ్రాన్సు గణితవేత్త లూకా ఒక ఆట తయారుచేశాడు. మూడు కర్రలు, ఒకదాని మీద చిన్నా పెద్దా బిళ్లలు. ఒక్కో బిళ్లే తీయాలి, చిన్నదాని మీద పెద్దది పెట్టొద్దు, మొత్తం ఇంకో కర్రకు మార్చాలి. మేము గాజులతో ఆడాం. మూడు గాజులకు 7 ఎత్తులు, నాలుగింటికి 15, ఐదింటికి 31. అన్నీ తూముకు గిద్ద తక్కువ వరసే. 64 బిళ్లలకు పట్టే ఎత్తులు మన సంఖ్యే. క్షణానికి ఒక ఎత్తు చొప్పున 58,454 కోట్ల ఏళ్లు పడుతుంది. ఈ విశ్వం వయసు దాదాపు 1,380 కోట్ల ఏళ్లు.

లక్ష కోట్లు అన్న మాట ఇప్పుడు రోజూ టీవీలో వింటున్నాం. లక్షకూ కోటికీ, కోటికీ లక్ష కోట్లకూ మధ్య ఎంత దూరముందో ఆ మాట చెవిలో పడితే తెలియదు. వెయ్యి గింజలు లెక్కపెట్టి వేళ్లు నొప్పి పుట్టిన పిల్లకు తెలుస్తుంది. అందుకే తోటి టీచర్లను ఒకటి అడుగుతున్నాను. ఈ వానాకాలం వడ్లు కల్లాలకు రాగానే ఒక కిలో తీసుకుపోండి, ఒక చదరంగం బల్ల పెట్టండి, ఒక్క పీరియడు పిల్లలకు వదిలేయండి. ఇళ్లలో ఉన్నవాళ్లను ఇంకొకటి అడుగుతున్నాను. డెబ్బై దాటిన పెద్దవాళ్లుంటే గిద్ద నుంచి పుట్టి దాకా పేర్లు మీ ఊళ్లో ఎట్లా పలికేవారో వాళ్ల నోటనే చెప్పించి రాసిపెట్టుకోండి. పాత్రలు అటక మీద ఉంటే దించండి. మా నాయనమ్మ పాత్రల్లో ఇప్పుడు మా ఇంట్లో మిగిలినవి మూడే: సోల, తవ్వ, మానిక.